వేలిముద్ర పడక ఆగిన రేషన్ బియ్యం: కాశీనగర్ బ్లాకులో మా ఇంటి ఇ-కేవైసీ అనుభవం

2025 అక్టోబరు చివరి వారంలో మా ఊరి రేషన్ డిపో గోడకి ఒడియాలో అచ్చేసిన జాబితా అంటించారు. ఇ-కేవైసీ, అంటే కార్డులో ఉన్న మనిషిని ఆధార్‌తో సరిచూడడం, కాని పేర్లన్నీ అందులో ఉన్నాయి. నవంబరు నుంచి ఆ పేర్ల మీద బియ్యం రావని డీలరు చెప్పాడు. మా కార్డులో ఆరుగురం: అమ్మ, నేను, నా భార్య, తమ్ముడు, ఏడేళ్ళ బాబు, నాలుగేళ్ళ పాప. నాదీ నా భార్యదీ ముందే అయిపోయింది. పాపకి ఐదేళ్ళు నిండలేదు కాబట్టి ఇప్పుడు అడగరు. అమ్మ, తమ్ముడు, బాబు, ఈ మూడు పేర్లూ జాబితాలో ఉన్నాయి. మనిషికి నెలకి 5 కిలోల లెక్కన 15 కిలోలు ఆగినట్టు.

మాది ఒడిశాలో గజపతి జిల్లా, వంశధార ఒడ్డు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా. నేను పర్లాకిమిడిలో ఒక హోల్‌సేల్ కొట్టులో గుమస్తాని. షావుకారు గారింటి పాన్, ఆధార్, ఆదాయపు పన్ను కాయితాలు కూడా నా చేతి మీదుగానే పోతాయి. ఢిల్లీలో తీసుకున్న నిర్ణయం వాళ్ళింటికి ఎలా చేరుతుందో, మా ఇంటికి ఎలా చేరుతుందో రెండూ చూశాను. అందుకే ఎక్కడ ఎంత ఆలస్యమైందో, ఎంత ఖర్చయిందో వరసగా రాస్తున్నాను. మా వైపు ఇంకా చాలా ఇళ్ళలో ఈ పని మిగిలే ఉంది.

నవంబరు మొదటి వారంలో అమ్మనీ బాబునీ డిపోకి తీసుకెళ్ళాం. ఈ-పాస్ మిషన్‌లో కార్డు నంబరు కొడితే పేర్లు వస్తాయి. పేరు ఎంచుకుని, ఆధార్‌కి ఒప్పుకున్నట్టు టిక్కు పెట్టి, వేలు పెట్టాలి. ముద్ర కలిస్తే అర నిమిషం పని. అమ్మది ఏ వేలు పెట్టినా 300 అని వచ్చింది, బాబుకి 811 అని వచ్చింది. డీలరు రెంటినీ కలిపి "సర్వర్ లేదు, రేపు రండి" అన్నాడు. చాలామంది ఆ మాట విని వెళ్ళిపోతారు, మళ్ళీ వస్తారు, మళ్ళీ వెళ్ళిపోతారు. మిషన్ చూపించే నంబరేమిటో అడిగి రాసుకోండి, సగం తిరుగుడు తప్పుతుంది. 300 అంటే మీరు పెట్టిన వేలు ఆధార్‌లో ఉన్న ముద్రతో కలవలేదని. 811 అంటే ఆ ఆధార్‌లో అసలు ముద్రలే లేవని. 330 అంటే ఎవరో బయోమెట్రిక్ లాక్ చేసి పెట్టారని. ఈ మూడింటిలో ఏది వచ్చినా రేపు వచ్చినంత మాత్రాన పని కాదు. సర్వర్ నిజంగా పోతే మిషన్‌లో ఈ నంబర్లు రావు, తిరుగుతూ తిరుగుతూ ఆగిపోతుంది.

బాబు సంగతి తేలికగా తేలింది. పుట్టినప్పుడు తీసిన నీలం ఆధార్‌లో వేలిముద్రలుండవు. ఐదేళ్ళు నిండాక ఆధార్ కేంద్రానికి తీసుకెళ్ళి పదివేళ్ళూ రెండు కళ్ళూ ఎక్కించాలి. ఐదు నుంచి ఏడేళ్ళ లోపు పిల్లలకి ఇది ఉచితం. 2025 అక్టోబరు 1 నుంచి ఏడు దాటిన వాళ్ళకి పదిహేనేళ్ళ వరకు కూడా ఏడాదిపాటు రుసుము తీసేశారు. మాకు పైసా పడలేదు. నవంబరు నడిమికి ఎక్కించాం, నెలాఖరుకి అప్‌డేట్ అయిపోయింది, డిసెంబరు మొదట్లో డిపోలో వేలు పెడితే మొదటి సారే పడింది. పిల్లల వేళ్ళు సన్నగా ఉంటాయి, అద్దం మధ్యలో పెట్టించండి, చివరికి జరిగితే కలవదు.

తమ్ముడు విశాఖపట్నంలో తాపీ పనికి ఉన్నాడు. ఇ-కేవైసీ కోసం సొంతూరు రానక్కర్లేదు, దేశంలో ఏ రేషన్ షాపులోనైనా చెయ్యొచ్చు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పద్ధతి వచ్చాక ఆ వీలు ఉంది. వాడు ఉంటున్న చోటికి దగ్గర్లో ఉన్న డీలరు "ఒరిస్సా కార్డు మాకు రాదు" అని పంపేశాడు. వేరే వీధి డీలరు ఆధార్ నంబరుతో తెరిచి చేశాడు. తీసుకెళ్ళాల్సింది ఆధార్, రేషన్ కార్డు నంబరు, అంతే. సిమెంటు పనిలో బొటనవేలూ చూపుడువేలూ ముందు అరిగిపోతాయి. ఉంగరపు వేలు, చిటికెన వేలు కాస్త నిలుస్తాయి, వాడిది ఉంగరపు వేలికే పడింది. సగం రోజు కూలి, 400 రూపాయలు పోయాయి. నవంబరు నెల వాడి 5 కిలోలు ఆగాయి, డిసెంబరు నుంచి మళ్ళీ వస్తున్నాయి.

అసలు కష్టం అమ్మది.

అమ్మ జీడి కార్ఖానాలో పిక్కలు కొడుతుంది. ఆవిరి పెట్టిన పిక్కని మిషన్ కత్తుల మధ్య పెట్టి, మీట నొక్కి చీల్చి, లోపలి పప్పు సూదితో తీస్తారు. పెంకులోంచి సొన కారుతుంది. రెండు చేతుల బొటనవేళ్ళకీ, చూపుడు, మధ్య వేళ్ళకీ రోజంతా అంటుతూనే ఉంటుంది. ఆముదం రాసుకుంటారు, బూడిద అద్దుకుంటారు. తొడుగులు వేసుకుంటే పప్పు విరుగుతుంది, చేతి వేగం పడిపోతుంది. కూలి కిలోల లెక్కన కాబట్టి ఎవరూ వేసుకోరు. సొన తగిలిన చర్మం ముందు నల్లబడి, తర్వాత పొరలుగా లేచిపోతుంది. కింద వచ్చే కొత్త చర్మం మీద కొన్నాళ్ళ వరకు గీతలు తేలవు. వెలుతురులో పెట్టి చూస్తే అమ్మ బొటనవేలు అద్దంలా నున్నగా కనపడింది.

డిపోలో చెయ్యగలిగినవి చేశాం. సబ్బుతో కడిగి నూనె జిడ్డు వదిలించాం. పూర్తిగా ఎండిన వేలికి ముద్ర రాదు, తడి గుడ్డతో ఒకసారి ఒత్తి పెట్టాలి. మరీ గట్టిగా నొక్కితే ఉన్న గీతలు కూడా అణిగిపోతాయి. మిషన్ అద్దం మీద ముందు వాళ్ళ చెమట మరక ఉంటే తుడవాలి. ఎండ నేరుగా పడే చోట పెడితే కూడా పని చెయ్యదు, నీడలోకి జరపమనండి. ఇన్ని చేసినా అమ్మకి 300 పోలేదు.

ఫోన్‌లో ముఖం చూపించి చేసే యాప్ ఉంది, పేరు మేరా ఇ-కేవైసీ. దానికి ఆధార్‌లో ఉన్న ఫోన్ నంబరుకి ఓటీపీ రావాలి. అమ్మ ఆధార్‌లో ఉన్న నంబరు రీచార్జి లేక ఎప్పుడో పోయింది, ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో కూడా తెలీదు. అలా ఆ దారి మూసుకుంది.

అదే నవంబరులో మా వీధిలో రైల్వేలో చేసి రిటైరైన పెద్దాయన జీవన ప్రమాణ పత్రం ఇచ్చారు. ఏటా నవంబరులో పింఛనుదారు బతికే ఉన్నట్టు చూపించాలి. 2021 నుంచి దానికి ఫోన్‌లో ముఖం చూపిస్తే చాలు. మనవడు అరుగు మీద కూర్చోబెట్టి, కళ్ళు ఒకసారి ఆర్పమని, అయిపోయిందన్నాడు. అదే ఆధార్, అదే ప్రభుత్వం. ఆయనకి ఫోన్ ఉంది, నంబరు చెల్లుతోంది, వేళ్ళతో అవసరమే పడలేదు. ఆయన్ని తప్పుపట్టడానికి రాయడం లేదు. ఆ వయసులో బ్యాంకు మెట్లెక్కే బాధ ఆయనకి తప్పడం మంచిదే. అదే వయసు కూలి మనిషికి కూడా ఆ సుఖం ఉండాలని అంటున్నాను.

నవంబరు మూడో వారంలో బ్లాకాఫీసుకి వెళ్ళాం. అక్కడ రేషన్ కార్డుల కేంద్రంలో కంటిపాప చూసే పరికరం ఉంది. డిపోలో లేదని ఊరుకోకుండా దాని గురించి అడగాలి, అడిగితేగాని చెప్పరు. అమ్మకి అదీ కలవలేదు. ఆధార్‌లో ఉన్నది 2013లో తీసిన కన్ను, తర్వాత రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది. ఆపరేషన్ తర్వాత కంటిపాప అంచు మారితే పాత చిత్రంతో కలవకపోవచ్చని కేంద్రంలో కూర్చున్న కుర్రాడు చెప్పాడు. ఇక మిగిలింది ఆధార్‌లోనే వేళ్ళు, కళ్ళు కొత్తగా ఎక్కించడం.

అక్కడే ఆ కుర్రాడు అమ్మ చేతులు చూసి ఇంకో మాట అడిగాడు: "సొన ముట్టి ఎన్నాళ్ళయిందమ్మా?" నిన్నటి దాకా పనిలోనే ఉన్నానంది. "అయితే ఇప్పుడు ఎక్కించొద్దు, నెల్లాళ్ళు పని మానేసి రా" అన్నాడు. ఈ ఒక్క సలహా మాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది, కారణం కూడా రాస్తాను. ఆధార్ కేంద్రంలో ముద్ర తీసేటప్పుడు తెర మీద నాణ్యత చూపిస్తుంది. సరిపడా రాకపోతే మళ్ళీ తీస్తారు. నాలుగు సార్లు ప్రయత్నించినా రాకపోతే ఉన్నదాన్ని బలవంతంగా తీసుకునే వీలు ఉంటుంది. అరిగిన వేళ్ళతో అలా ఎక్కితే ఆ అరిగిన ముద్రే రికార్డు అవుతుంది. తర్వాత వేళ్ళు బాగుపడినా దానితో కలవవు. డబ్బు కట్టి, పనులు మానుకుని, ముందున్న దానికంటే అధ్వాన్నమైన రికార్డు పట్టుకుని ఇంటికొచ్చిన వాళ్ళు మా కార్ఖానా వాడలో ఉన్నారు.

అమ్మ పని మానేసింది. మూడు వారాల పైన ఇంట్లో ఉంది. రోజుకి 250 రూపాయల వరకు వచ్చే మనిషి, ఆదివారాలు తీసేస్తే 4,500 దాకా పోయింది. కార్ఖానాలో చోటు పోతుందేమోనన్న దిగులు ఇంకోటి. ఆవిడ రోజూ పొద్దున్నే లేచి తయారై కూర్చునేది, అలవాటు మానలేక. రాత్రి కొబ్బరి నూనె రాసుకుని పడుకుంది, అంట్లు తోమనివ్వలేదు, బట్టల సబ్బు ముట్టనివ్వలేదు. రెండో వారం చివరికి చిటికెన వేళ్ళ మీద గీతలు తేలాయి, మూడో వారానికి చూపుడు వేళ్ళ మీద. బొటనవేళ్ళు అన్నిటికంటే ఆలస్యం. పొర పూర్తిగా రాలాక కింది నుంచి పాత గీతలే తిరిగి వస్తాయి, తొందరపడి ఎక్కించకండి.

ఆ మూడు వారాల్లోనే కొట్లో షావుకారు గారి అల్లుడి కాయితాలు సర్దుతున్నాను. ఆయన బ్యాంకులో పెద్ద ఉద్యోగి, ఏడాదికి 12 లక్షల లోపు జీతం. 2025 ఫిబ్రవరి 1 బడ్జెట్‌లో కొత్త పద్ధతి కింద 12 లక్షల ఆదాయం దాకా పన్ను లేకుండా చేశారు. 12 లక్షలున్న వాళ్ళకి 80,000 రూపాయల లాభమని బడ్జెట్ ప్రసంగంలోనే చెప్పారు. ఆ లాభం అందుకోవడానికి ఆయన ఏ ఆఫీసుకీ వెళ్ళలేదు, ఏ ముద్రా వెయ్యలేదు. కొత్త పద్ధతి ఎలాగూ ముందుగానే ఎంచి ఉంటుంది. ఏప్రిల్ జీతం నుంచే కోత తగ్గి డబ్బు ఖాతాలో పడింది. 2023లో పాన్‌కి ఆధార్ జోడించమన్నప్పుడు కూడా అంతే. గడువు జూన్ 30, ఆలస్య రుసుము 1,000 రూపాయలు. కొట్లో కూర్చుని నేనే కట్టాను, ఆయన ఓటీపీ చెప్పారు. ఆయనకి పడ్డ శ్రమ అంతవరకే.

మాకు వచ్చే లాభం ఎంత? కేంద్రం 2023 జనవరి నుంచి ఈ బియ్యం పూర్తిగా ఉచితం చేసింది, 2024 జనవరి నుంచి మరో ఐదేళ్ళకి పొడిగించింది. ఇది చిన్న సాయమేమీ కాదు, ఈ బియ్యం లేకపోతే మా ఊళ్ళో చాలా పొయ్యిలు వెలగవు. మా కొట్లో ఆ రకం బియ్యం కిలో 40 రూపాయలు. అమ్మ పేరు మీద ఏడాదికి 60 కిలోలు, అంటే 2,400. ఆ 2,400 నిలబెట్టుకోవడానికి ఒక్క అమ్మ పనికే 5,000 పైన ఖర్చయింది. ఆయనకి వచ్చిన పన్ను లాభానికి ఖర్చు సున్నా. ఏ నిర్ణయం మంచిది, ఏది చెడ్డది అన్న వాదన పార్టీల వాళ్ళు చేసుకోనివ్వండి. నిర్ణయం అమలయ్యేటప్పుడు నిరూపించుకునే భారం ఎవరి మీద పెడుతున్నారు అన్నది నా ప్రశ్న. పన్ను తగ్గింపులో ఆ భారం యజమాని కంపెనీ, కంప్యూటరు మోస్తాయి. బియ్యంలో ఆ భారం మోసేది సొన కాలిన ఆడమనిషి.

డిసెంబరు 15, సోమవారం పర్లాకిమిడి ఆధార్ కేంద్రానికి వెళ్ళాం. టోకెన్లు పొద్దున్న ఏడింటి నుంచి వరసలో ఉన్నవాళ్ళకే, అవి అయిపోతే మర్నాడే. మాకు పదకొండున్నరకి పిలుపొచ్చింది. తీసుకెళ్ళాల్సినవి పాత ఆధార్, చేతిలో పని చేస్తున్న ఫోన్. మొదట ఎడమ నాలుగు వేళ్ళు, తర్వాత కుడి నాలుగు, తర్వాత రెండు బొటనవేళ్ళు కలిపి, ఆ తర్వాత కళ్ళు, చివర్న ఫోటో. బొటనవేళ్ళకి మూడోసారి వచ్చింది. కళ్ళు తీసేటప్పుడు అమ్మ రెప్పలు వాలిపోతుంటే ఆపరేటరు చెప్పినట్టు నేను వేలితో పైకి పట్టుకున్నాను, అలా పట్టుకోనిస్తారు.

బయోమెట్రిక్ అప్‌డేట్ రుసుము 2025 అక్టోబరు నుంచి 125 రూపాయలు, అంతకుముందు 100. ఫోన్ నంబరో చిరునామానో విడిగా మార్పిస్తే 75. కానీ బయోమెట్రిక్‌తో పాటు అదే కూర్చోవడంలో మార్పిస్తే మొత్తానికి 125 మాత్రమే. అమ్మ ఆధార్‌కి నా భార్య నంబరు అప్పుడే కట్టించాం. అక్కడ కూర్చున్నాయన ముందు 250 అన్నాడు. రసీదు మీద ఎంత ఉంటే అంతే ఇస్తామన్నాను, 125 రాసిచ్చాడు. రసీదు అడగని వాళ్ళు ఇచ్చేసి పోతున్నారు. రసీదులో ఉన్న నంబరూ, తేదీ, సమయం జాగ్రత్త, స్థితి చూసుకోవాలంటే అవే కావాలి. ఏ సందేహమైనా 1947కి ఫోన్ చెయ్యొచ్చు. అక్కడ తెలుగు ఎంచుకోవచ్చు, ఒడియా రాని పెద్దవాళ్ళకి అది పెద్ద ఊరట.

అప్‌డేట్ అయ్యేసరికి ముప్పై రోజుల దాకా పట్టొచ్చని చెప్పారు. అమ్మ మర్నాడే పనిలోకి వెళ్తానంది. వద్దన్నాం. ఎక్కించిన ముద్రతో డిపోలో వేలు కలవాలంటే ఆ రోజు కూడా చేతులు బాగుండాలి. ఇది ఎవరూ ముందు చెప్పలేదు, ఆలోచిస్తే తెలిసింది. చివరికి కార్ఖానా వాళ్ళతో మాట్లాడి పిక్కలు కొట్టే చోటు నుంచి పప్పు మీద పొట్టు తీసే చోటికి మార్పించాం. అక్కడ సొన ఉండదు, కూలి రోజుకి 70, 80 తక్కువ. జీడి పనిలో ఉన్నవాళ్ళకి ఈ మార్పు కుదిరితే ముందే అడగండి, పూర్తిగా మానే కన్నా మేలు.

జనవరి 5న మెసేజ్ వచ్చింది. జనవరి 9న డిపోలో అమ్మ కుడి చూపుడు వేలు పెట్టింది, ఆకుపచ్చ వచ్చింది. డీలరు "అయిందమ్మా" అనగానే అమ్మ ఇంకో వేలు కూడా పెట్టి చూడమంది, నమ్మకం చాలక. జనవరి కోటా జాబితా అప్పటికే కట్టైపోయిందని ఆ నెల ఇవ్వలేదు, ఫిబ్రవరి నుంచి వస్తాయన్నారు. పోయిన నెలలవి ఇవ్వరు. నవంబరులో ముగ్గురివీ, డిసెంబరులో జనవరిలో అమ్మవీ కలిపి మాకు 25 కిలోలు పోయాయి, అంటే వెయ్యి రూపాయలు. అమ్మ కూలి, తక్కువ కూలికి చేసిన రోజులు, తమ్ముడి సగం రోజు, నా జీతంలో కోత, ఆటోలు, జిరాక్సులు, 125 రుసుము కలిపితే ఏడు వేలు దాటింది. ఇందులో ప్రభుత్వం తీసుకున్నది 125 మాత్రమే. అందుకే కాయితాల మీద చూసినవాళ్ళకి ఇది ఖర్చులేని పనిలా కనిపిస్తుంది.

బియ్యం ఆపడం గురించి ఒక సంగతి తెలుసుకోండి. 2017 అక్టోబరు 24న కేంద్ర ఆహార శాఖ రాష్ట్రాలకి లేఖ రాసింది. ఆధార్ లేదని పేరు కొట్టెయ్యొద్దు, ముద్ర పడకపోయినా బియ్యం ఇచ్చి విడిగా రిజిస్టరులో రాసుకోవాలి అని. నేను డిపోలో ఆ రిజిస్టరు అడిగాను, లేదన్నారు. బ్లాకాఫీసులో అడిగితే ఇ-కేవైసీ వేరు, నెలనెలా ముద్ర వేరు అన్నారు. ఆకలికి ఆ తేడా తెలీదు కదా. అయినా రాతపూర్వకంగా అర్జీ పెట్టి స్టాంపు వేయించుకున్నాను. అలా చేసిన తర్వాతే కంటిపాప పరికరం దాకా మమ్మల్ని పంపారు. నోటితో అడిగితే "రేపు రండి" అనే మనుషులే, కాయితం పెడితే పేరు రాసుకుంటారు.

తమ్ముడి భార్య పేరు ఇంకా కార్డులో లేదు. ఆ అమ్మాయిది పాతపట్నం దగ్గర పల్లె, మహేంద్రతనయ దాటితే ఆంధ్ర. పెళ్ళయి రెండేళ్ళయింది. పుట్టింటి రైస్ కార్డులో ఆధార్ ఉన్నంతకాలం ఇక్కడ ఎక్కదు, కంప్యూటరు రెండుచోట్ల ఉందని చూపిస్తుంది. ముందు అక్కడ తీయించాలి. పుట్టింటివాళ్ళు సచివాలయంలో అర్జీ పెట్టారు. పెళ్ళి ధ్రువపత్రం, ఆమె ఆధార్, ఇంటి పెద్ద వేలిముద్ర అడిగారు, వీఆర్వో చూసి పంపాక తహశీల్దారు లాగిన్‌లో తీసేశారు. మూడు వారాలు పట్టింది. తీసేసిన కాయితం ప్రింటు తప్పకుండా తీసుకోండి, ఈ వైపు అదే అడుగుతారు. పేర్ల రాతలో కూడా జాగ్రత్త. ఆంధ్ర ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, ఒడిశా దరఖాస్తులో చివర అడుగుతారు. ఆధార్‌లో ఎలా ఉందో అక్షరం మారకుండా అలాగే రాయించండి, సరిచేద్దామని చూడకండి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు.

పుట్టింటి కార్డులోంచి పేరు పోయింది, అత్తింటి కార్డులో ఎక్కలేదు. ఇప్పుడు ఆమెకి ఎక్కడా బియ్యం లేవు. దీని వెనక ఉన్నదీ ఢిల్లీ నిర్ణయమే. 2013 ఆహార భద్రతా చట్టం కింద ఏ రాష్ట్రంలో ఎంతమందికి ఇవ్వాలన్నది 2011 జనాభా లెక్కలతో కట్టారు. దేశం మొత్తానికి 81.35 కోట్ల మంది. 2021లో జరగాల్సిన లెక్కలు జరగలేదు, ఇప్పుడు 2027 మార్చి 1 తేదీతో చేస్తామన్నారు. అప్పటిదాకా ఎవరో ఒకరి పేరు పోతేనే కొత్త పేరుకి చోటు. చనిపోయినవాళ్ళవీ, ఇ-కేవైసీ కానివాళ్ళవీ తీసేస్తే ఖాళీలొస్తాయని బ్లాకాఫీసులో ధైర్యం చెప్పారు. ముద్ర పడని ఇంకో ముసలమ్మ పేరు పోతే మా ఇంటి కోడలికి బియ్యం వస్తాయన్న మాట వినడానికి మనసొప్పలేదు. జనాభా లెక్కలు ఆరేళ్ళు ఆలస్యమైతే షావుకారు గారింట్లో ఏ లెక్కా మారదు.

2025 జులై 22న కేంద్రం రేషన్ ఆర్డరు మార్చింది, అది తెలియని వాళ్ళు మా చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. ఆరు నెలలపాటు బియ్యం తీసుకోని కార్డు తాత్కాలికంగా ఆపేస్తారు, తర్వాత మూడు నెలల్లో ఇంటికొచ్చి చూసి, ఇ-కేవైసీ చేసి తేలుస్తారు. కుటుంబమంతా తలుపు తాళం వేసి ఇటుక బట్టీలకి, చెన్నై, హైదరాబాద్ పనులకి వెళ్ళే ఇళ్ళకి ఇది ప్రమాదం. వెళ్ళిన ఊళ్ళోనే ఏదో ఒక షాపులో మధ్యలో ఒకసారైనా ఆ కార్డు మీద బియ్యం తీసుకుంటే కార్డు బతుకుతుంది. ఐదేళ్ళు నిండిన పిల్లలకి ఏడాదిలోగా ఇ-కేవైసీ అయిపోవాలి, మా పాపకి 2026 మేలో ఐదు నిండుతాయి. అందరూ ఐదేళ్ళకోసారి మళ్ళీ ఇ-కేవైసీ చేయించుకోవాలన్నది కూడా అదే ఆర్డరులో ఉంది. అమ్మకి ఆ వంతు వచ్చేసరికి ఆధార్‌లో ఉన్న ఫోన్ నంబరు చెల్లుతూ ఉండాలి, అందుకని నా భార్య ఆ సిమ్ము మారకుండా చూస్తోంది.

తమ్ముడి భార్య అర్జీ జనవరి 12న ఇచ్చాం. బ్లాకులో మార్కెటింగ్ ఇన్‌స్పెక్టరు లాగిన్‌లో ఉందని కంప్యూటర్ చూపిస్తోంది. ఇంటికొచ్చి విచారణ చెయ్యాలి, ఇంకా రాలేదు. పుట్టింటి కాయితం, పెళ్ళి పత్రం, అర్జీ రసీదు మూడూ జిరాక్సు తీసి ఇంట్లో ఒకటి, కొట్లో ఒకటి పెట్టాను.